కాల్చేది గంట, కడిగేది గంట

పోయిన నెల సంచికలో నా రెమింగ్టన్ నకలు రివాల్వర్ గురించి రాశాను. 1858 పేటెంటు పేరుతో పిలిచే పాత మోడల్‌కి ఇటలీలో చేసిన నకలు అది. దీనికి తయారు తూటాలు ఉండవు. సిలిండర్లో ఉన్న ఆరు గదుల్లో ఒక్కోదానికి విడిగా తుపాకిమందు పోసి, సీసపు గుండు దట్టించి, వెనకవైపు చిన్న రాగి క్యాప్ తొడిగి కాల్చాలి. ఆ వ్యాసం చదివి చాలామంది ప్రశ్నలు పంపారు. నేను హ్యూస్టన్ శివార్లలో ఉంటాను, ఉద్యోగం మిషన్ల మెయింటెనెన్స్, పదకొండేళ్లుగా నెలకి రెండు శనివారాలు తుపాకి కాల్చే రేంజ్‌కి వెళ్తున్నాను. నా చేతులతో చేసి చూసిన సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

ఒక చిన్న మాట. ఇద్దరు ముగ్గురు ఉత్తరాల్లో ఇందులో పోసే మందుని "నల్లమందు" అని రాశారు. మన భాషలో నల్లమందు అంటే అభిని. ఇది తుపాకిమందు. ఆ పేరుతోనే పిలుద్దాం.

*ప్రశ్న: మొదటిసారి కొంటున్నాను. కోల్ట్ నకలు మంచిదా, రెమింగ్టన్ నకలా? ఇత్తడి ఫ్రేము ఉన్నది చవగ్గా వస్తోంది, అది తీసుకోవచ్చా? (ఆస్టిన్ నుంచి ఒక పాఠకుడు)*

స్టీలు ఫ్రేము ఉన్న రెమింగ్టన్ తీసుకోండి. కోల్ట్ 1851 నేవీ చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, నా దగ్గరా ఒకటుంది. కానీ దానికి సిలిండర్ పైన పట్టీ ఉండదు. బ్యారెల్ మొత్తాన్ని పట్టి ఉంచేది అడ్డంగా దిగిన ఒక ఇనుప చీల. ఆ చీల ఎంత లోతుకి దిగాలో చేతికి తెలియడానికి కొంతకాలం పడుతుంది. ఎక్కువ దిగితే సిలిండర్ బిగుసుకుంటుంది, తక్కువ దిగితే బ్యారెల్ కదులుతుంది. రెమింగ్టన్ ఫ్రేము చుట్టూ మూసి ఉంటుంది. హామర్ (క్యాప్‌ని కొట్టే భాగం) సగం లాగి, గుండు దట్టించే కింది లీవర్ దించి, పిన్ను ముందుకి లాగితే సిలిండర్ పక్కకి వచ్చేస్తుంది. నేర్చుకునేవాళ్లకి ఇది చాలా సుఖం.

ఇత్తడి సంగతి. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో అక్కడి దక్షిణాది రాష్ట్రాలకి ఇనుము కరువైంది. జార్జియాలో గ్రిస్‌వోల్డ్ కార్ఖానా ఇత్తడి ఫ్రేముతో రివాల్వర్లు చేసింది అందుకే. అక్కరకొద్దీ చేసిన పని అది. ఇత్తడి మెత్తన. ప్రతి దెబ్బకీ సిలిండర్ వెనక్కి వచ్చి ఫ్రేముని తడుతుంది, నిండుగా మందు పోసి కాలుస్తూ పోతే కొన్నాళ్లకి ఫ్రేము సాగి, సిలిండర్ వదులవుతుంది. ఇప్పటికే కొన్నవాళ్లు పారేయక్కర్లేదు. .44 సైజు రివాల్వర్ అయితే మందు 20 గ్రెయిన్లు (మందు కొలిచే చిన్న కొలత) దాటకుండా కాల్చుకుంటే చాలాకాలం వస్తుంది.

ఈ నకళ్లలో ఎక్కువ భాగం ఇటలీలోని బ్రెషా ప్రాంతం నుంచే వస్తాయి. పియెట్టా, ఉబెర్తి రెండూ అక్కడివే. మీరు ఏది కొన్నా దాంతోపాటు మంచి స్క్రూడ్రైవర్లు కొనండి. మా నాన్న తెనాలిలో కుట్టుమిషన్లు బాగుచేసేవారు. "స్క్రూ విప్పేముందు మొన గాడిలో నిండుగా కూర్చుందో లేదో చూడరా, ఆ తర్వాతే తిప్పు" అనేవారు. ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పితే మొదటిరోజే స్క్రూ తలలు చిట్లిపోతాయి.

*ప్రశ్న: అంకుల్, మామూలు తుపాకుల్లో వాడే పొగలేని మందు కొంచెం తక్కువగా పోసి కాల్చకూడదా? అంత పొగ, మసి ఉండవు కదా. దీపావళికి తాతయ్యవాళ్లు ఇంట్లోనే మందు నూరేవారట, మనం చేసుకోవచ్చా? (ఫ్రిస్కో నుంచి ఒక హైస్కూల్ విద్యార్థి)*

బాబూ, రెండింటికీ ఒకటే జవాబు, వద్దు. పొగలేని మందు పేరుకి మందే కానీ స్వభావం వేరు. మూసిన గదిలో దాని ఒత్తిడి ఈ రివాల్వర్ తట్టుకోలేనంతగా పెరుగుతుంది. "కొంచెం తక్కువగా" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. సిలిండర్ పగిలితే ముక్కలు వెళ్లేది నీ కళ్లలోకీ, పక్కన నిలబడ్డవాళ్లలోకీ. అందుకే బ్యారెల్ మీద తుపాకిమందు మాత్రమే వాడాలని చెక్కి ఉంటుంది.

మందు నూరడం గురించి కూడా నీకు గట్టిగా చెప్పాలి. మా తెనాలి వీధిలో మతాబులు, చిచ్చుబుడ్లు కూరేవాళ్లని నేనూ చూశాను. పెట్లుప్పు, గంధకం, బొగ్గు విడివిడిగా నూరి కాగితాల మీద ఆరబెట్టేవారు. చేతులు కాలినవాళ్లనీ చూశాను. దుకాణంలో సీలు వేసిన డబ్బాలో ప్రతి పలుకూ ఒకే సైజులో దొరుకుతుంది. ఒక పౌను డబ్బాలో 7000 గ్రెయిన్లు, గదికి 25 చొప్పున 280 గుళ్లు. రివాల్వర్‌కి మూడు ఎఫ్‌లు రాసి ఉన్న సన్నరకం కొనాలి. నువ్వు ఇంకా చదువుకుంటున్నావు కాబట్టి, కొనేదీ కాల్చేదీ నాన్నగారు పక్కనుంటేనే.

ఆ పొగ వాసన మాత్రం అచ్చంగా దీపావళి రాత్రిదే. నేను మొదటిసారి కాల్చిన రోజు కళ్లు మూసుకుని అలాగే కాసేపు నిలబడిపోయాను.

*ప్రశ్న: మందు దట్టించే పద్ధతి వివరంగా రాయండి. మా రేంజ్‌లో ఒకాయన మందు పైన ఉప్మా రవ్వ పోస్తున్నాడు. నిజంగానా? (డెన్వర్ నుంచి ఒక పాఠకురాలు)*

నిజమేనండీ. ఇక్కడివాళ్లు పొద్దున పాలలో ఉడికించుకునే గోధుమరవ్వ, మన బొంబాయి రవ్వ, రెండూ ఒకలాంటివే. ఎందుకో చెబుతాను.

ముందు గదుల్లో ఉన్న నూనె గుడ్డతో తుడవాలి. తర్వాత ఖాళీ గదులకే క్యాపులు పెట్టి, రేంజ్ లైన్ మీద నిలబడి, గొట్టం (బ్యారెల్) మూతి నేల మీదున్న ఒక గడ్డిపోచకి దగ్గరగా పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. గడ్డిపోచ ఊగితే దారి తెరుచుకుని ఉన్నట్టు. ఊగకపోతే క్యాపు తొడిగే నిపుల్ అనే చిన్న గొట్టంలో ఇంకా నూనె అడ్డుందని. ఆరింటికీ ఇలా చూస్తే తర్వాత సగం తలనొప్పులు ఉండవు.

ఇక దట్టించడం. మందుని సీసా లాంటి డబ్బాలోంచి నేరుగా గదిలోకి పోయకండి. ముందు కొలపాత్రలోకి, అక్కణ్నించి గదిలోకి. గదిలో నిప్పుకణిక ఏదైనా మిగిలి ఉంటే కొలపాత్రలోని కాసింత మందు మాత్రమే అంటుకుంటుంది. నేరుగా పోస్తుంటే చేతిలో ఉన్న డబ్బా మొత్తం అంటుకుంటుంది. .44 రెమింగ్టన్‌కి నేను 25 గ్రెయిన్లు పోస్తాను, అంటే గ్రాముల్లో 1.6. ఈ కొలత ఘనపరిమాణం ప్రకారం, అసలు తుపాకిమందుకి. దాని బదులు వాడే ఇతర మందుల్లో కొన్ని ఇంకా ఘాటుగా ఉంటాయి, వాటికి డబ్బా మీద రాసిన కొలతే పాటించాలి.

25 గ్రెయిన్లు పోస్తే గదిలో ఇంకా చోటు మిగులుతుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండకూడదు, గుండు మందు మీద గట్టిగా ఆనాలి. కానీ గుండు మరీ లోపలికి దిగిపోతే బ్యారెల్‌కి దూరమై గురి చెడుతుంది. ఆ చోటు నింపడానికే రవ్వ, మందు పైన, గుండు కింద. రవ్వ వేసిన రోజూ వేయని రోజూ కాగితం మీద రంధ్రాలు పోల్చి చూశాను. 25 గజాల్లో తేడా స్పష్టంగా కనిపించింది.

ఇప్పుడు గుండు. .44 నకలుకి నేను .454 అంగుళాల గుండు వాడతాను, గది మూతి కంటే ఒక వెంట్రుకంత పెద్దది. లీవర్‌తో నొక్కినప్పుడు అంచున సన్నటి సీసపు ఉంగరం చెక్కుకుని బయటికి వస్తుంది. ఆ ఉంగరం పూర్తి గుండ్రంగా వస్తే గది మూతి చుట్టూ సీలు పడ్డట్టే. రాకపోతే గుండు చిన్నదైనట్టు, అది వాడకండి. గుండు పైన మైనపు పూత వేసి, అన్నీ అయ్యాక చివర్న, గొట్టం గురివైపే ఉంచి, క్యాపులు పెట్టాలి. దీపావళి బొమ్మ తుపాకిలో వేసే బిళ్లల్లాంటివే ఇవి, ఇంకాస్త బలమైనవి. బొటనవేలితో కాక చిన్న చెక్కపుల్లతో అదమండి. నేను ఆరు గదులున్నా అయిదే నింపి హామర్‌ని ఖాళీ గది మీద దించుతాను.

పేలకపోతే వెంటనే చూడబోకండి. ఒక నిమిషం పాటు గొట్టం గురివైపే పట్టుకుని ఉండాలి. ఆలస్యంగా పేలడం అరుదే కానీ ఉంది.

*ప్రశ్న: ఒక గది కాలిస్తే పక్క గదులు కూడా పేలిపోతాయని విన్నాను. టెన్షన్‌గా ఉంది. (చికాగో నుంచి ఒక పాఠకుడు)*

అలా జరగొచ్చు. మంట ముందు నుంచి పక్క గదిలోకి వెళ్లొచ్చు, గుండు సరిగ్గా బిగియకపోతే. వెనక నుంచి కూడా వెళ్లొచ్చు, క్యాపు వదులైతే, ఊడిపోతే. పైన చెప్పిన సీసపు ఉంగరం ముందువైపు కాపలా, బిగువైన క్యాపు వెనకవైపు కాపలా. 10 నంబరు, 11 నంబరు క్యాపులు రెండూ ఒక్కో డబ్బా కొని, మీ నిపుల్ మీద ఏది ఊగకుండా కూర్చుంటే అదే వాడండి. రెండో చెయ్యి ఎప్పుడూ సిలిండర్ ముందుకి పోనివ్వకండి. కళ్లద్దాలు, చెవులకి మూతలు తప్పనిసరి. పదకొండేళ్లలో నాకు ఒక్కసారి కూడా ఇలా జరగలేదు.

*ప్రశ్న: గుండు పైన పూయడానికి కొవ్వు వాడాలంటున్నారు. మేము శాకాహారులం. వేరే దారి ఉందా? (ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు)*

ఉంది. తేనెమైనం, వంటనూనె కలిపి కరిగించి చల్లారనిస్తే చక్కటి పూత తయారవుతుంది. చలికాలం నూనె కాస్త ఎక్కువ, ఎండాకాలం మైనం ఎక్కువ. మా టెక్సస్ ఎండలో వనస్పతి లాంటిది ఒక్కటే పూస్తే మొదటి గుండు కాల్చేసరికే మిగతా గదుల్లోంచి కారిపోతుంది. పెట్రోలియం గ్రీజు మాత్రం గుండు మీద పూయకండి. అది మందు మసితో కలిసి తారులా అట్టకడుతుంది.

మీ ప్రశ్న చదువుతుంటే నాకు 1857 గుర్తొచ్చింది. అప్పటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కూడా ఇదే రకం, కాగితపు పొట్లంలో మందూ గుండూ. పొట్లం కొసని పంటితో కొరికి మందు పోయాలి. ఆ కాగితానికి పూసింది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట సిపాయిల్లో పాకింది. ఎవరికి నచ్చిన పూత వాళ్లే పూసుకోవచ్చని తర్వాత ఉత్తర్వులు ఇచ్చినా అనుమానం పోలేదు. గొట్టం లోపల మసి మెత్తగా ఉండడానికి వేసే ఈ చిన్న జిడ్డు పూత ఒక దేశాన్ని అంత కదిలించిందని, చేతిలో ఆ మైనం ముద్ద పట్టుకున్నప్పుడల్లా అనుకుంటాను.

*ప్రశ్న: దీనికి లైసెన్స్ అక్కర్లేదని స్నేహితుడు చెప్పాడు. గుంటూరులో ఉన్న మా అన్నయ్యకి ఒకటి తీసుకెళ్లొచ్చా? (అట్లాంటా నుంచి ఒక పాఠకుడు)*

వద్దండీ. అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం తయారు తూటా వాడని ఇలాంటి నకళ్లని పాతకాలపు ఆయుధాల కింద వేరుగా చూస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరు, న్యూజెర్సీలో మామూలు తుపాకిలాగే చూస్తారు. కొనేముందు మీ రాష్ట్రం నియమం మీరే చదవండి, వీసా మీద ఉన్నవాళ్లు లాయర్‌ని అడగండి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందు దట్టించే తుపాకికి కూడా లైసెన్స్ కావాలి. మందు, క్యాపులు విమానంలో ఏ సంచిలోనూ పెట్టనివ్వరు. అన్నయ్యగారికి మీరు కాల్చిన గురికాగితం పట్టుకెళ్లండి.

*ప్రశ్న: ఒక్క రాత్రి కడగకుండా వదిలేస్తే ఏమవుతుంది? (హ్యూస్టన్ నుంచి ఒక పాఠకుడు)*

మనది ఒకే ఊరు, మన ఊరి గాలి మీకు తెలుసు. నేను ఒకసారి వదిలేశాను. శనివారం సాయంత్రం రేంజ్ నుంచి వచ్చేసరికి ఇంటికి చుట్టాలు వచ్చారు. ఆదివారం వాళ్లతో గుడికి వెళ్లాం. సోమవారం రాత్రి సంచి విప్పి చూస్తే సిలిండర్ పిన్ను కదల్లేదు. చుట్టూ నూనె పోసి రెండు రోజులు నానబెట్టి, చెక్క సుత్తితో మెల్లిగా తట్టి తీశాను. గొట్టంలోకి టార్చి వేసి చూస్తే మూతి దగ్గర అంగుళం మేర మశూచి మచ్చల్లా గుంటలు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుంటల్లో మసి దాక్కుంటుంది, ప్రతిసారీ అక్కడే బ్రష్ పదిసార్లు ఎక్కువ తిప్పాలి.

కారణం సులువు. కాలిన తుపాకిమందులో సగానికి పైగా పొగగా, మసిగా మారే ఘనపదార్థమే. అందులో పొటాషియం లవణాలు ఉంటాయి. వానాకాలం డబ్బాలో ఉప్పు చెమర్చినట్టు అవి గాలిలో తేమని లాక్కుంటాయి. ఆ తేమ ఇనుముకి అంటుకునే ఉంటుంది. కాబట్టి అదే రోజు కడగాలి. నిజంగా కుదరకపోతే గొట్టంలో, గదుల్లో నీళ్లు కలిపిన బాలిస్టాల్ అనే తుపాకి నూనె పోసి తడిపి, మర్నాడు ఉదయం కాఫీకి ముందే కడగండి.

*ప్రశ్న: మావారు రేంజ్ నుంచి వచ్చి రివాల్వర్‌ని కిచెన్ సింకులో కడుగుతున్నారు. ఇల్లంతా కుళ్లిన గుడ్ల వాసన. ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఇది మంచిదేనా? చెబితే "అలాగే కడగాలి" అంటున్నారు. (షార్లెట్ నుంచి ఒక సోదరి)*

అమ్మా, నీళ్లూ సబ్బుతో కడగాలన్నది ఆయన సరిగ్గానే చెప్పారు. కిచెన్ సింకులో కడగడం మాత్రం తప్పు. ఆ వాసన మసిలోని గంధకం తడిసినప్పుడు వచ్చేది, కిటికీ తీస్తే పోతుంది. వాసన లేనిది సీసం. గుండ్ల నుంచి వచ్చిన సీసం ఆ మసిలో ఉంటుంది, పిల్లలకి అది ఏ కొంచెమైనా మంచిది కాదు. ఈ పేజీ ఆయనకి చూపించండి.

గరాజ్‌లో దీనికోసమే ఒక బకెట్, ఒక ప్లాస్టిక్ టబ్, పాత టూత్‌బ్రష్ పెట్టమనండి. అవి మళ్లీ ఇంట్లోకి రాకూడదు. రేంజ్ బట్టలు విడిగా ఉతకాలి, చేతులూ ముఖమూ కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. రివాల్వర్‌ని తాళం ఉన్న పెట్టెలో, మందూ క్యాపులూ వేరే చోట, ఒకదానికొకటి దూరంగా పెట్టాలి. ఈ చివరి మాట ఆయన చేత రెండుసార్లు చదివించండి.

కడిగే క్రమం ఇది. ముందుగా గదులన్నీ ఖాళీ అని చూసుకుని సిలిండర్ తీయాలి. చెక్క పిడి పలకలు విప్పి పక్కన పెట్టాలి, నీళ్లు తగిలితే ఉబ్బుతాయి. నిపుల్ రెంచ్‌తో ఆరు నిపుల్సూ విప్పి చిన్న గాజుసీసాలో సబ్బునీళ్లలో వేసి మూతపెట్టి ఊపాలి. ఒక్కటి జారి డ్రైనేజీలో పడిందా, రివాల్వర్ వారం రోజులు పక్కన పడుకుంటుంది. బ్యారెల్, సిలిండర్, ఫ్రేము గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి బ్రష్‌తో రుద్దాలి. మరిగే నీళ్లు పోయమని కొందరు చెబుతారు. నేను మానేశాను, ఎందుకంటే ఇనుము వేడెక్కి నీళ్లు ఆవిరయ్యే ఆ అర నిమిషంలోనే గొట్టం లోపల పల్చగా ఎర్రపొర లేస్తోంది. బ్రష్ తిప్పుతుంటే మొదటి నీళ్లు సిరాలా నల్లగా వస్తాయి, రెండోసారి బూడిదరంగు, మూడోసారికి దాదాపు తేట. తేటగా వచ్చేదాకా ఆపకూడదు.

తర్వాత గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో హామర్ సందుల్లోకి గాలి కొట్టాలి. నీళ్లు దాక్కునేది అక్కడే. ఇనుము ఇంకా వెచ్చగా ఉండగానే బాలిస్టాల్ పూయాలి, వెచ్చటి ఇనుము మీద అది బాగా పాకుతుంది. సిలిండర్ పిన్నుకి ఆ మైనం పూతే రాయాలి, నిపుల్ మరలకి పట్టుకోకుండా ఉండే యాంటీ సీజ్ పేస్టు. నిపుల్‌ని వేళ్లతో తిప్పి కూర్చోబెట్టాక రెంచ్‌తో చిన్న బిగింపు చాలు. బలంగా బిగిస్తే తర్వాతిసారి విప్పేటప్పుడు మూలలు అరిగిపోతాయి.

మర్నాడు ఒక తెల్లగుడ్డ ముక్క గొట్టంలోంచి లాగి చూడమనండి. గోధుమరంగు మరక కనిపిస్తే ఇంకా మసి మిగిలిందని, మళ్లీ తుడిచి నూనె రాయాలి. మూడో రోజు ఇంకో ముక్క. అది తెల్లగా వస్తే అప్పుడు పెట్టెలో పెట్టి తాళం వేయమనండి.